పేరు కింది అక్షరం

ఆ ఏడు బేరిపళ్లు విరగకాశాయి. మా తోటలో చెట్లు మా ముత్తాతల కన్నా పాతవి. వాటి పండు కొరికితే నాలుక మొద్దుబారిపోతుంది; పందులు కూడా రెండుసార్లు వాసన చూసి గానీ తినవు. రసం తీసి పులియబెడితే మాత్రం పెర్రీ అవుతుంది, మా హియర్‌ఫర్డ్‌షైర్‌లో దానికి మించిన పానీయం లేదు. సెప్టెంబరు నెలాఖరున నేను తడిగడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని రాలిన పళ్లు ఏరుతుంటే మా వంటావిడ బెడోస్ వచ్చింది.

"లండన్ నించి ఆ వంశాలాయన వచ్చాడు. పెద్ద దొరసాని మిమ్మల్ని రమ్మంటోంది. చేతులు కడుక్కుని రమ్మంది."

"అది కూడా చెప్పిందా?"

"గోళ్లు కూడా అంది. బాగుండదని నేనే చెప్పలేదు."

నాకప్పుడు యాభై ఒక్కేళ్లు. మా అక్క రోజమండ్‌కి అరవై, మొగుడు పోయాక పుట్టింట్లోనే ఉండేది. చేతులు కడుక్కున్నాను, గోళ్లు వదిలేశాను.

అసలు సంగతి చెప్పాలి. మా నాన్న పదహారో సెల్విక్ బారన్, ఇంటిపేరు డాబ్నీ. 1927లో పోయాడు. కొడుకులు లేరు, మేమిద్దరమే. చాలా బిరుదులు కొడుకు లేకపోతే పినతండ్రి కొడుక్కి పోతాయి. మాది పాతకాలపుది, ఆడపిల్లకీ వస్తుంది. కాకపోతే ఒక్కతే ఉండాలి. ఇద్దరుంటే పెద్దా చిన్నా తేడా లేదు, ఇద్దరికీ సమానహక్కు. బిరుదును పొలంలా చెరిసగం పంచలేరు గనక ఎవరికీ రాదు, మధ్యలో వేలాడుతూ ఉంటుంది. ఒకరి శాఖ పూర్తిగా అంతరిస్తే రెండోవాళ్ల ఒళ్లో దానంతటదే పడుతుంది. లేదంటే ఒకరు ఒప్పుకుని సంతకం పెడితే రెండోవాళ్లు రాణిగారికి అర్జీ పెట్టుకోవచ్చు. అక్కచెల్లెళ్లు ఒకరి చావు కోసం ఒకరు చూసేటట్టు ఈ ఏర్పాటు చేసిన మహానుభావులెవరో గానీ, వాళ్లకి అక్కచెల్లెళ్ల గురించి బాగా తెలుసు.

అక్కకి ఈ సంగతి నాన్న పోయిన మూడు వారాల దాకా తెలియదు. పెద్దదాన్ని కదా, నాదే అనుకుంది. బారన్లు సంతకం పెట్టేటప్పుడు సొంతపేరూ ఇంటిపేరూ రాయరు, బిరుదొక్కటే రాస్తారు. నాన్న చావుకి పూలు పంపినవాళ్లందరికీ అక్క కృతజ్ఞతలు రాసి, అన్నిటి కిందా 'సెల్విక్' అని సంతకం పెట్టింది. నూట ముప్పై ఉత్తరాలు. ఆ తర్వాత వకీలు వచ్చి అసలు విషయం చెప్పాడు. అప్పటికి ఉత్తరాలన్నీ చేరిపోయాయి. జిల్లా అంతా ముసిముసిగా నవ్వింది. అక్క ఆ ఏడాదంతా చర్చికి తప్ప గడప దాటలేదు.

ఇరవై ఆరేళ్లు ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ జూన్‌లో పట్టాభిషేకం జరిగింది. పక్క ఎస్టేటువాళ్ల టెలివిజన్ ముందు కూర్చుని, ఎర్ర అంగీలు వేసుకుని పట్టాభిషేకపు చర్చిలోకి నడుస్తున్న బిరుదుల ముసలమ్మల్ని అక్క లెక్కపెట్టింది. ఆగస్టులో డాక్టరు ఆమె పొట్ట నొక్కి చూసి, వసంతం దాకా కష్టమన్నాడు. సెప్టెంబరులో వంశాలాయన్ని పిలిపించింది. బారనెస్‌గా పోవాలి, నాన్న పక్కన సమాధి రాయి మీద ఆ మాట ఉండాలి. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు. దానికి నా సంతకం కావాలి.

వంశాలాయన పేరు పార్జెటర్. సన్నటి మనిషి, ముక్కు కొసన ఎప్పుడూ ఒక నీటిబొట్టు. భోజనాల బల్ల మీద మా వంశవృక్షం రాసిన బారెడు కాగితం పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నా జామ్ సీసాలు పెట్టాడు.

"1299. ఇక్కడ మొదలు," అన్నాడు పైన వేలు పెట్టి. "రాజుగారు స్కాట్లండ్ మీదికి పోతూ, సభకి రమ్మని రాల్ఫ్ అనే ఆయనకి ఉత్తరం రాశాడు. ఈయన వెళ్లి కూర్చున్నాడు. అంతేనమ్మా. ఆ కూర్చోవడమే మీ బిరుదు."

"ఆ రోజు ఒంట్లో బాగాలేదని మానేసి ఉంటే?" అన్నాను.

"మనందరం ఇప్పుడు హాయిగా ఇంట్లో ఉండేవాళ్లం." అని వెంటనే అక్క వైపు భయంగా చూశాడు.

అక్క నవ్వలేదు. కుర్చీలో దుప్పటి కప్పుకుని, పాదిరిగారు చదువుతున్నదాన్ని వింటున్నట్టు వింటోంది. రాల్ఫ్ నించి కొడుక్కి, మనవడికి, అక్కణ్నించి జోన్ అనే కూతురికి. ఐదుసార్లు కూతుళ్ల చేతుల మీదుగా పోయింది, ఐదుసార్లు ఇంటిపేరు మారింది. ఒకాయన తల పోయింది, బిరుదూ పోయింది, ఆయన కొడుకు కాళ్లావేళ్లా పడి బిరుదు వరకు తిరిగి తెచ్చుకున్నాడు. ఒకసారి ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య నూట నలభై మూడేళ్లు వేలాడింది. వాళ్ల మనవల మనవల దాకా ఎవరూ ఎవరికీ సంతకం పెట్టలేదు.

"ఈ వేలాడటానికి మేం వాడే పాత ఫ్రెంచి మాటకి అసలు అర్థమేమిటో తెలుసా? నోరు తెరుచుకుని చూడటం," అన్నాడు పార్జెటర్. ఈ ముక్క ఆయన ప్రతి ఇంట్లోనూ చెబుతాడని నాకు అనిపించింది.

నేను కాగితం కింది కొసకి వచ్చాను. చాలా పేర్ల కింద చిన్న చిన్న అక్షరాలున్నాయి. ఏమిటని అడిగాను.

"లాటిన్ అమ్మా. ఎస్, పి అంటే సంతానం లేకుండా అని. దానికి ఎల్ చేరిస్తే, చట్టప్రకారం సంతానం లేకుండా."

"అంటే?"

దగ్గాడు. "అంటే వేరే రకం ఉన్నారని. ఈ నాలుగో బారన్‌కి ఆరుగురు. ఎల్ బదులు ఇంకో ఎస్ చేరిస్తే, పుట్టారు గానీ ఎవరూ మిగల్లేదని. ఇదిగో మార్జరీ, 1603. ఏడుగుర్ని కని ఏడుగుర్నీ పూడ్చింది."

అక్క పేరు కింద ఎస్.పి.ఎస్. అని ఉంది. ఆమె కొడుకు హ్యూ 1944లో నార్మండీ యుద్ధంలో పోయాడు, ఇరవై అయిదేళ్లకి, పెళ్లి కాకుండా. పార్జెటర్ ఆ అక్షరాలని మిగతావాటి కన్నా చిన్నగా రాశాడు, మర్యాద కోసం. దాని పక్కన నా పేరు, లెటిస్, పుట్టింది 1902, పెళ్లి కాలేదు. కింద ఎస్.పి.

"ఎల్ చాలామంది మగవాళ్ల కింద ఉంది," అన్నాను. "ఆడవాళ్ల కింద ఎక్కడైనా ఉందా?"

"నా ముప్పై ఏళ్ల పనిలో చూడలేదమ్మా."

"ఇప్పుడు చూద్దురుగాని. నా పేరు కింద పెట్టండి."

ఆయన ముక్కు మీది బొట్టు రాలి కాగితం మీద పడబోతే చేత్తో పట్టుకున్నాడు.

"లెట్టీ," అంది అక్క.

"ఎల్. ఒక్కటే అక్షరం. పెడితే సంతకం చేస్తాను, ఇప్పుడే."

"మా చెల్లెలు పొద్దున్నుంచీ ఎండలో ఉంది," అంది అక్క ఆయనతో. బయట జల్లు పడుతోంది.

పార్జెటర్ మా ఇద్దరి వంకా చూడకుండా జామ్ సీసాతో మాట్లాడాడు. "చట్టం దృష్టిలో దానివల్ల అర్జీకి నష్టమేమీ లేదు. కాకపోతే రుజువు కావాలి. రుజువు లేనిదే నేను చుక్క కూడా పెట్టను. పుట్టిన తేదీ, ఊరు, రిజిస్టరు నకలు."

"1921 అక్టోబరు పదకొండు," అన్నాను. "ఊరు మా అక్కకి తెలుసు. నన్ను అక్కడ దింపి వచ్చింది తనే."

ఆయన వెళ్లాక అక్క నన్ను పట్టుకుంది. నడవలో గోడకి ఆనుకుని నిలబడి ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది.

"ముప్పై రెండేళ్లు నోరు మూసుకున్నదానివి. ఇప్పుడు నేను చావబోతుంటే అచ్చువేసి ఊరంతా పంచుతావా?"

"ఊరు కాదు. ప్రభువుల సభలో ఓ పదిమంది ముసలాళ్లు చదువుతారు."

"ఆ పదిమందే నాకు ఊరు."

"నాకు పిల్లలు లేరని నా చేత్తో నేను సంతకం పెట్టాలా? నువ్వు పెడతావా, హ్యూ పుట్టనేలేదని?"

"హ్యూ మాట ఎత్తకు."

"నేనెత్తను. నువ్వు నావాడి మాట తుడిచెయ్యకు. వాడికి వచ్చే నెల పదకొండుకి ముప్పై రెండు నిండుతాయి. ఎక్కడో పెళ్లాం పిల్లలతో ఉండి ఉంటాడు. ఆరొందల యాభై ఏళ్ల చెత్తంతా అంత పెద్ద కాగితంలో పట్టింది, వాడికి ఒక్క అక్షరం చోటు లేదా?"

అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుంది. సిగ్గనుకున్నాను. సిగ్గుపడితే పడనీ అని తోటలోకి వెళ్లిపోయాను.

వాడిని నేను ఆరు వారాలు చూశాను. పేరు ఆంబ్రోస్. నేనల్లిన బూడిదరంగు శాలువాలో చుట్టి తీసుకుపోయారు. మంచివాళ్లు, గ్లస్టర్‌లో రొట్టెల కొట్టు ఉంది అని నాన్న ఒక్కసారి చెప్పాడు, మళ్లీ అడగనివ్వలేదు. వాడి తండ్రి సంగతి ఇక్కడ అనవసరం, ఆయనకే అది అవసరం లేకపోయింది. గ్లస్టర్ వెళ్లినప్పుడల్లా నేను కనపడ్డ ప్రతి రొట్టెల కొట్టులోనూ ఒక బన్ను కొని, అమ్మేవాళ్ల చెవులు చూసేదాన్ని. మా వంశంలో చెవి తమ్మెలు ఉండవు. తమ్మెల్లేని చెవులు గ్లస్టర్‌లో ఎక్కడా దొరకలేదు, బన్నులు మాత్రం ముప్పై ఏళ్లు తిన్నాను. యుద్ధం వచ్చాక రోజూ పత్రికలో చనిపోయినవాళ్ల జాబితా చదివేదాన్ని. ఏ ఇంటిపేరు చూడాలో తెలియక అన్నీ చదివేదాన్ని. ఆంబ్రోస్ అని కనపడితే గుండె ఆగిపోయేది, వయసు చూసి మళ్లీ కొట్టుకునేది. అక్క బల్లకి అటువైపు కూర్చుని టీ తాగుతూ నన్ను చూసేది.

హ్యూ పోయాడని టెలిగ్రామ్ వచ్చిన రోజున నేనొక మాట అన్నాను. ఆ మాట ఈ కథలోంచి తీసేద్దామనుకున్నాను గానీ, తీసేస్తే నేను మంచిదాన్నైపోతాను. అక్క ఆ కాగితం పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చుని ఓదార్చాల్సింది పోయి, "నావాడైనా ఎక్కడో బతికే ఉన్నాడు," అన్నాను. దేవుడికి మొక్కుతున్నట్టే అన్నాను, చెడ్డ ఉద్దేశం లేదు. కానీ అన్నాను. అక్క తలెత్తి నా మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి. ఏదో అనబోయి మింగేసి, "అవును లెట్టీ," అంది.

అక్టోబరంతా పళ్లు దులపడం, ఏరడం, బస్తాలకెత్తడం. కొక్కెం ఉన్న పొడుగు కర్రతో కొమ్మ పట్టుకుని ఊపితే పళ్లు వీపు మీద రాళ్లలా పడేవి. పదకొండో తారీఖున నేను పనిలోకి పోలేదు. ఏటా ఆ రోజు ఒక చిన్న కేకు చేసుకుని వంటింట్లో ఒక్కదాన్నే తింటాను. ఎవరికని బెడోస్ ఇరవై ఏళ్లలో ఒక్కసారి అడగలేదు, ఆ రోజు వంటిల్లు నాకొదిలి కోళ్ల దగ్గరికి పోతుంది. ఆ ఏడు మాత్రం పోలేదు.

"సంతకం పెట్టెయ్యండి చిన్న దొరసానీ," అంది పిండిగిన్నె కడుగుతూ. "పెద్దావిడకి సూప్ కూడా దిగట్లేదు. మీరేం పోగొట్టుకుంటారు?"

"నువ్వైతే పెడతావా?"

"నాకు ఏడుగురు. లెక్క తప్పుగా రాస్తే వాళ్లే వచ్చి తంతారు." గిన్నె బోర్లించింది. "మీ సంగతి నాకు తెలీదనుకోకండి. ఊళ్లో అందరికీ తెలుసు. పదిమంది ముసలాళ్లకి తెలిస్తే ఏంటి, తెలియకపోతే ఏంటి?"

"అందరికీ తెలుసా?"

"1921 నించీ," అంది బెడోస్.

అక్క మంచం పట్టింది. బారనెస్‌నయ్యాక వేసుకుంటానని, మంచం మీద నించే నాన్న పట్టాభిషేకపు అంగీ తెప్పించింది. నా మీద కోపం ఉన్నా కుట్టుపనికి నేను తప్ప గతి లేదు, ఆమె వేళ్లు సూది పట్టలేకపోతున్నాయి. ఎర్ర మఖమలు అక్కడక్కడ బోడిదైంది, మెడచుట్టూ ఉన్న తెల్ల బొచ్చుని పురుగులు తినేశాయి. రోజూ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని కుందేలు తోలు ముక్కలు అతికేదాన్ని.

"కుందేలని తెలిసిపోతుందా?" అంది అక్క.

"పక్కన కూర్చున్నదీ కుందేలే వేసుకుని ఉంటుంది, ఏం భయపడకు."

నవ్వింది. చాలా రోజులకి నవ్వింది, కడుపు పట్టుకుని. నేను దారం కొరుకుతుంటే అంది:

"లెట్టీ, ఆ అక్షరం కాకుండా ఇంకో అక్షరమైతే ఒప్పుకుంటావా?"

"అక్షరాల అంగడి పెట్టావా? బేరాలొద్దు. నాకు ఎల్ కావాలి."

"ఊరికే అడిగాను."

"వాడు ఉన్నాడని ఉండాలి కాగితం మీద. అంతే నాకు కావలసింది. బిరుదు నువ్వు తీసుకో, అంగీ నువ్వు తీసుకో, చచ్చాక నీ రాయి నేనే కడిగి పూలు పెడతాను."

అక్క నా చేతిని పట్టుకుంది. మేం అలాంటివాళ్లం కాదు, ఒకరినొకరు ముట్టుకునేవాళ్లం కాదు. ఆమె చెయ్యి చల్లగా, ఎండుటాకంత తేలిగ్గా ఉంది. "నీకు చిన్నప్పుడే చెప్పాల్సింది," అంది.

"ఏం?"

"నాన్న మాట వినొద్దని."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ముప్పై రెండేళ్లలో ఈ ఇంట్లో ఎవరైనా నా వైపు నించి అన్న మొదటి మాట అదే. దాని వెనకాల ఇంకేమైనా ఉందేమోనని నాకు తోచలేదు.

నవంబరు మూడో వారంలో పార్జెటర్ మళ్లీ వచ్చాడు. అక్క ఆయన్ని ఒంటరిగా పైకి రమ్మంది. నేను గానుగ కొట్టంలో పళ్లు నలుపుతున్నాను. అరగంట పైనే తలుపు మూసి ఉందని బెడోస్ చెప్పింది. అక్క అడిగిందని నాన్న రాతబల్ల తాళాలు పైకి పట్టుకెళ్లిందట, అక్క చెప్పగా తను తెరిచిన సొరుగులో ఒక్క కవరే ఉందట. ఆయన కిందికి దిగి, బండి ఎక్కబోతూ కొట్టం దాకా వచ్చాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"పెద్దమ్మగారు సరిదిద్దమన్నారు. రుజువుల కోసం రాసి, నకళ్లు రాగానే శుభ్రంగా రాయించి పంపుతాను. మీరు చూశాకే సంతకం పెట్టండి. తొందరేం లేదు."

"తొందర లేదా? మా అక్క సంగతి చూశారుగా."

"ఆవిడే అన్నారమ్మా, తొందర లేదని," అన్నాడు, నా మొహం చూడకుండా. వంశాలాయనకి ఒక ఆడదాని సిగ్గుమాలిన పని కాగితానికెక్కించవలసి వచ్చిందని ఇబ్బంది పడుతున్నాడనుకున్నాను.

నేను చేతులు కూడా కడుక్కోకుండా పైకి పరిగెత్తాను. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. వంగి ఆమె చెంప మీద ముద్దు పెట్టాను. నా చేతుల పులుపు వాసన గదంతా నిండింది.

"నువ్వు మంచిదానివి అక్కా. నేనే మూర్ఖురాల్ని. నీకు జన్మంతా రుణపడి ఉంటాను."

"కాగితం వచ్చాక చూద్దువుగాని," అంది గోడతో.

"వచ్చిన రోజునే సంతకం పెడతాను."

"సరే లెట్టీ. ఇక పో. పళ్లు కుళ్లిపోతాయి."

డిసెంబరు ఎనిమిదిన పొద్దున పదింటికి అక్క పోయింది. కాగితం రాలేదు. చివరి రెండు రోజులూ తెలివి లేదు. పోయాక నోరు మూసుకోలేదు. బెడోస్ గడ్డం కింద నించి రుమాలు కట్టి తల మీద ముడి వేసింది, అది మాటిమాటికీ వదులైంది. పార్జెటర్ చెప్పిన ఆ ఫ్రెంచి మాట గుర్తొచ్చి నేను గదిలోంచి బయటికి వచ్చేశాను.

మెట్ల దగ్గర బెడోస్ నాకు దారిచ్చి గోడకి ఒత్తుకుని నిలబడింది. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ అలా నిలబడలేదు. "పాదిరిగారికి కబురు పెట్టనా, అమ్మగారూ?" అంది. చిన్న దొరసాని అనలేదు. అప్పుడు గాని నాకు వెలగలేదు. ఒకరి శాఖ అంతరించింది. ఎవరి సంతకమూ, ఏ రాణిగారి దయా లేకుండా, పొద్దున పదింటికి, గానుగ ఏప్రాన్‌లో ఉన్న నేను సెల్విక్ బారనెస్‌నైపోయాను. అక్క ఇరవై ఆరేళ్లు ఎదురుచూసినది, ఆమె ఊపిరి ఆగిన క్షణంలో నా మీద పండులా రాలిపడింది. నా సంతకం నేను ముందే పెట్టి ఉంటే ఆమె వారమైనా ఆ పేరుతో బతికేది. ఆ మాట అనుకోని రోజు ఇప్పటికీ లేదు.

సమాధి రాయి మీద 'పదహారో బారన్ పెద్ద కూతురు' అని చెక్కారు. అంతకన్నా రాయడానికి లేదు.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు పార్జెటర్ పంపిన పెద్ద కవరు వచ్చింది. పైన నా కొత్త పేరు. అదే భోజనాల బల్ల మీద పరిచి, నాలుగు మూలలా జామ్ సీసాలు పెట్టాను. రాల్ఫ్, జోన్, తల పోయినాయన, మార్జరీ, అందరినీ దాటుకుని కిందికి వచ్చాను. నా పేరు కింద మూడు అక్షరాలు ఉన్నాయి. మూడో అక్షరం ఎస్.

పొరపాటు పడ్డాడనుకున్నాను. పాపం, ముసలాయన, జలుబు మనిషి. పక్కనున్న అక్క పేరు చూసి రాస్తూ అదే ఇక్కడా రాసేశాడు. వెంటనే కలం తీసి ఉత్తరం మొదలుపెట్టాను. 'అయ్యా, ఎల్ ఉండాల్సిన చోట ఎస్ పడింది, దయచేసి సరిదిద్దగలరు' అని రాశాను. రాసి, తిప్పి పంపడానికి పెద్ద కాగితాన్ని మడిచి కవర్లో పెట్టబోతుంటే కవరు అడుగున ఇంకేదో తగిలింది.

రుజువు లేనిదే ఆయన చుక్క కూడా పెట్టడు.

రెండు కాగితాలు. ఒకటి గ్లస్టర్ చావుల రిజిస్టరు నకలు. ఆంబ్రోస్, తల్లి లెటిస్ డాబ్నీ, అవివాహిత. 1922 సెప్టెంబరు మూడు. కోరింత దగ్గు. రెండోది నన్ను దింపిన ఆసుపత్రి పెద్ద నర్సు మా నాన్నకి రాసిన ఉత్తరం, ఆ వారంలోదే. బిడ్డని శాలువాతోనే పూడ్చిపెట్టారని, కొట్టువాళ్లు చాలా ఏడ్చారని రాసింది. దాని మీద అడ్డంగా నాన్న పెన్సిల్ రాత: 'రోజమండ్, లెట్టీకి ఇప్పుడు చెప్పొద్దు.'

ఆ 'ఇప్పుడు' అన్న మాటని ఎంతసేపు చూశానో తెలియదు. టెలిగ్రామ్ వచ్చిన రోజున వంటింటి నేల మీద కూర్చుని నా వంక చూసిన అక్క మొహం కనపడింది. నేనన్న మాటకి నన్ను అక్కడికక్కడే చంపగలిగే జవాబు ఆమె నోట్లో ఉంది. మింగేసి, "అవును లెట్టీ," అంది. అది జాలో, నాన్న మాటో, పిరికితనమో నాకు తెలియదు. ముప్పై ఒక్కేళ్లు నా చేత కేకులు చేయించింది, బన్నులు తినిపించింది. ఆమెని తిట్టుకున్నాను. గట్టిగా, ఖాళీ గదిలో, నోటికొచ్చినట్టు తిట్టాను. బెడోస్ తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

కాగితం అడుగున ఒక గీత ఉంది. 'పైన రాసినదంతా నాకు తెలిసినంతలో నిజం' అని దాని కింద నేను సంతకం పెడితే గానీ బిరుదు నా పేర పుస్తకంలోకి ఎక్కదు. బిరుదు ఎక్కినా ఎక్కకపోయినా నాకొకటే. కానీ అక్షరం అడిగింది నేను. మూడు రోజులు దాన్ని బల్ల మీద అలాగే వదిలేశాను, సంతకం పెట్టనంతకాలం వాడు ఎక్కడో గ్లస్టర్‌లో తమ్మెల్లేని చెవులతో రొట్టెలు తూస్తూనే ఉంటాడన్నట్టు.

నాలుగో రోజు పార్జెటర్‌కి రాసిన ఉత్తరం పొయ్యిలో వేశాను. ఆంబ్రోస్‌కి ముప్పై రెండు కాదు, పదకొండు నెలలు. బల్ల దగ్గర కూర్చున్నాను. రోజమండ్, లెటిస్, పక్కపక్కన రెండు పేర్లు, రెండింటి కిందా అవే మూడు అక్షరాలు, ఒకే సైజులో. బారన్లు ఎలా పెడతారో అలాగే, అక్క నూట ముప్పై సార్లు పెట్టిన సంతకమే, ఒక్కసారి పెట్టాను.